వాన నీటి పైపును పక్క వీధికి మారిస్తే డెల్టాలో ఏమేం మారతాయి

ఏప్రిల్‌లో పంట కాలువలకు నీళ్ళు ఆపేయగానే గోదావరి డెల్టా పట్టణాల్లో, పెద్ద పంచాయతీల్లో తవ్వకాలు మొదలవుతాయి. వాటిలో చూడ్డానికి చిన్నదిగా ఉండి తగువు మాత్రం పెద్దదిగా తెచ్చే పని ఒకటుంది. పేటలోని వాన నీటి పైపు దారి మార్చడం. ఎవరి ప్రహరీ కిందుగానో, ఖాళీ స్థలం గుండానో పోతున్న పాత పైపును ఆపేసి, రోడ్డు వారగా కొత్తది వేస్తామంటారు. పాత దారి వాళ్ళు హమ్మయ్య అనుకుంటారు. కొత్త దారి వాళ్ళు "మా వీధి మునుగుతుంది" అంటారు. కింద పొలాలున్న రైతులు "ఊరి నీళ్ళన్నీ మా మీదకే" అంటారు. పని చేయించేవాళ్ళు "పైపే కదా, ఇక్కడ్నుంచి అక్కడికి జరుపుతున్నాం, అంతే" అంటారు.

మెట్ట ఊళ్ళలో ఈ చివరి మాట చాలావరకు చెల్లుతుంది. నేల వాలుగా ఉంటుంది కనుక పైపు వంద మీటర్లు అటూ ఇటూ అయినా నీరు పల్లానికి చేరుతుంది. డెల్టాలో చెల్లదు. ఇక్కడ వాలును సెంటీమీటర్లలో కొలుచుకోవాలి. పైపు ఏ వీధిలో పోతోందన్నదాని కంటే, దాని నోరు ఎక్కడ, ఏ లెవెల్లో తెరుచుకుంటోందన్నదే ఎక్కువ ముఖ్యం.

పంట కాలువ, మురుగు డ్రెయిన్, వాన పైపు

ధవళేశ్వరం దగ్గర 1847–52 మధ్య ఆనకట్ట కట్టాక తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు వచ్చాయి. పొలాలకు నీరు దానంతట అదే పారాలి కాబట్టి పంట కాలువలు ఎత్తైన నేల మీద నడుస్తాయి. పొలాల్లో మిగిలిన నీటిని, వాన నీటిని తీసుకుపోయే డ్రెయిన్లు పల్లంలో ఉంటాయి. పశ్చిమాన యనమదుర్రు, కోనసీమలో కౌశిక, తూర్పున తుల్యభాగ ఈ రెండో రకం. నీళ్ళు తేవడం ఎంత పనో తీసేయడమూ అంతే పని కాబట్టి, 1968లో కృష్ణా, గోదావరి డెల్టాలకు విడిగా డ్రెయినేజీ సెస్ (డ్రెయిన్ల కోసం వేసే ప్రత్యేక పన్ను) చట్టమే చేయాల్సి వచ్చింది.

ఊళ్ళోని వాన నీటి పైపు ఈ రెండో వ్యవస్థకు చివరి కొమ్మ. రోడ్డు మీద, డాబాల మీద పడ్డ వానను పక్క గుంటల్లోంచి తీసుకుని డ్రెయిన్‌కు అప్పగించడం దాని పని. కాగితం మీద అందులో పారేది వాన నీరే. మన ఊళ్ళలో చాలా ఇళ్ళకు సెప్టిక్ ట్యాంకులే ఉంటాయి, వాటి పొంగు నీరు, వంటింటి నీరు వీధి కాలువలోకే వదులుతారు. అందుకని వాన లేని రోజు కూడా పైపులో సన్నగా మురుగు పారుతూనే ఉంటుంది. పర్యావరణం సంగతి మాట్లాడేటప్పుడు ఈ నిజాన్ని పక్కనపెట్టి "వాన నీరేగా" అనుకుంటే లెక్కలన్నీ తప్పుతాయి.

అదే పైపు, రెట్టింపు దూరం: ఒక లెక్క

5 ఎకరాల పేట అనుకుందాం, సుమారు 2 హెక్టార్లు. ఇళ్ళు, రోడ్లు, కాస్త పెరళ్ళు కలిసి ఉన్నచోట పడ్డ వానలో 60 శాతం పారి వస్తుందని తీసుకోవచ్చు. గంటకు 40 మిల్లీమీటర్ల వాన పడితే గంటకు 480 ఘనమీటర్లు, అంటే సెకనుకు 133 లీటర్ల నీరు పైపుకు చేరుతుంది.

పాత పైపు 600 మిల్లీమీటర్ల సిమెంటు పైపు, పొడవు 200 మీటర్లు, మొదటికీ చివరికీ తేడా 20 సెంటీమీటర్లు. వాలు వెయ్యికి ఒకటి. నిండుగా పారితే అది సెకనుకు 194 లీటర్లు మోస్తుంది, నీటి వేగం సెకనుకు 0.69 మీటర్లు. పేటకు కావలసిన దానికంటే బాగా ఎక్కువే.

ఇప్పుడు అదే పైపును రోడ్డు వెంట చుట్టూ తిప్పి తీసుకెళ్తే పొడవు 400 మీటర్లయింది. కలిసేది అదే డ్రెయిన్‌లో కాబట్టి తేడా అదే 20 సెంటీమీటర్లు. వాలు రెండు వేలకు ఒకటికి పడిపోయింది. మోసేది 137 లీటర్లు, వేగం 0.49 మీటర్లు.

అవసరం 133, సామర్థ్యం 137. అంచనా పత్రంలో ఇది పాసవుతుంది. చిక్కు వేగంలో ఉంది. పైపులో ఇసుక, మట్టి దిగకుండా కొట్టుకుపోవాలంటే సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగం ఉండాలని ఇంజనీర్లు చూసుకుంటారు. కొత్త పైపు నిండుగా పారినప్పుడు కూడా అంత వేగం రాదు. మామూలు జల్లులకు పైపు అడుగున మాత్రమే నీరు పారుతుంది, అప్పుడు వేగం ఇంకా తగ్గుతుంది. రోడ్డు మీది ఇసుక, ఇళ్ళు కట్టేచోట మిగిలిన కంకర పొడి, పాలిథిన్ కవర్లు అన్నీ అక్కడే దిగుతాయి. పైపు లోతులో నాలుగో వంతు పూడితే వైశాల్యంలో 20 శాతం పోతుంది. అడుగు గరుకు కూడా పెరుగుతుంది కాబట్టి మోసే నీరు అంతకు మించే తగ్గుతుంది. మొదటి ఏడాది బాగానే పనిచేసి రెండో ఏడాది వీధి ముంచే పైపుల కథ తరచుగా ఇదే.

పూడిక మీద నిలిచిన మురుగులో క్యూలెక్స్ దోమ పెరుగుతుంది. గోదావరి జిల్లాల్లో బోదకాలును వ్యాపింపజేసింది ఈ దోమే. డెంగీ తెచ్చే ఏడిస్ దోమకు మురుగు పనికిరాదు, అది కుండీల్లో, టైర్లలో నిలిచిన తేట నీటిలో గుడ్లు పెడుతుంది. పైపు పని జరిగిన తర్వాత "దోమలు పెరిగాయి" అన్న ఫిర్యాదు నిజమే కావచ్చు, కానీ ఆ ఏడాది వచ్చిన ప్రతి డెంగీ కేసునూ పైపు ఖాతాలో వేయడం కుదరదు.

డ్రెయిన్ నిండినప్పుడు వాలు లెక్క మారిపోతుంది

పై లెక్కంతా డ్రెయిన్‌లో నీరు పైపు నోటి కంటే కింద ఉన్నప్పటిది. డెల్టాలో పెద్ద వాన రోజున అలా ఉండదు. ఎర్రకాలువ మెట్ట నుంచి దిగి, నందమూరు అక్విడక్టు (పంట కాలువను పైనుంచి దాటించే కట్టడం) దాటాక యనమదుర్రుగా భీమవరం వైపు వస్తుంది. ఎగువన కురిస్తే భీమవరంలో చినుకు పడకపోయినా డ్రెయిన్ నిండుతుంది. పైగా డెల్టా డ్రెయిన్లను పొలాల కోసం తవ్వారు. వరి కొద్ది రోజుల ముంపును తట్టుకుంటుంది కాబట్టి నీటిని మెల్లగా తీసినా సరిపోతుందన్న లెక్క అది. ఊరి నీరు గంటల్లో పోవాలి. ఈ రెండు లెక్కలూ పైపు నోటి దగ్గర ఢీకొంటాయి.

పైపు నోరు మునిగాక పైపుకు ఇచ్చిన వాలుతో పని లేదు. వీధిలో నిలిచిన నీటి మట్టానికీ డ్రెయిన్ నీటి మట్టానికీ ఉన్న తేడాయే నీటిని తోస్తుంది. మన ఉదాహరణలో సెకనుకు 133 లీటర్లు పోవాలంటే, పాత 200 మీటర్ల పైపులో ఆ తేడా 9–10 సెంటీమీటర్లుంటే చాలు. కొత్త 400 మీటర్ల పైపులో 19 సెంటీమీటర్లు కావాలి. మూలల దగ్గర, చాంబర్ల (పైపు మధ్యలో కట్టే తొట్ల) దగ్గర నీరు పోగొట్టుకునే తోపును కలపకుండానే ఇంత. డ్రెయిన్ ఒకే ఎత్తులో ఉన్నా వీధిలో నీరు దాదాపు 10 సెంటీమీటర్లు ఎక్కువ నిలిస్తేగానీ పైపు తన పని చేయదు. పల్లపు ఇళ్ళకు ఆ 10 సెంటీమీటర్లే గడపకు ఇవతలా అవతలా అన్న తేడా. కాబట్టి "మా వీధి మునుగుతుంది" అన్న భయం ఊరికే పుట్టింది కాదు. "మొత్తం మునుగుతుంది" అనేది మాత్రం లెవెల్ మిషన్ (ఎత్తులు కొలిచే పరికరం) పెట్టి చూడకుండా అనలేని మాట.

అయితే పెద్ద పైపు వేస్తే సరిపోదా? 900 మిల్లీమీటర్లది వేస్తే పెద్ద వాన రోజు హాయిగా ఉంటుంది. చిన్న వానల్లో మాత్రం వెడల్పాటి అడుగున నీరు పలచగా పరుచుకుని ఇంకా మెల్లగా నడుస్తుంది, పూడిక ఇంకా ఎక్కువ. పైగా పెద్ద పైపు మీద రోడ్డు బరువు ఆగడానికి చాలినంత మట్టి ఉండాలంటే అడుగు లెవెల్ దించాలి. దించితే నోరు డ్రెయిన్ అడుగు కంటే కిందికి పోవచ్చు. అలాంటిచోట రెండు చిన్న పైపులు పక్కపక్కన వేయడం, లేదా మధ్యలో సన్నటి పల్లం వదిలిన బాక్సు కాలువ కట్టడం మేలని కొందరు ఇంజనీర్ల అభిప్రాయం. ఖర్చు, రోడ్డు వెడల్పు ఎక్కువ అవుతాయన్నది ఎదుటి వాదన. రెండూ నిజమే.

పంట కాలువలో కలిపితే

కొత్త దారిలో డ్రెయిన్ దూరమై, పంట కాలువ దగ్గరైతే పైపును అందులో కలిపేయాలన్న కోరిక పుడుతుంది. వేసవిలో పని చేస్తున్నప్పుడు కాలువ ఖాళీగా ఉంటుంది, లోతుగా కనిపిస్తుంది. బకెట్టు నీళ్ళు పోసి చూస్తే చక్కగా పారతాయి. జూన్‌లో కాలువలకు నీరు వదిలాక అసలు సంగతి బయటపడుతుంది. ఎత్తు మీద నడిచే కాలువలో నిండు నీటి మట్టం చుట్టుపక్కల వీధులతో సమానంగానో ఇంకా పైనో ఉంటుంది. వాన నీరు బయటికి పోవడం మాట అలా ఉంచి కాలువ నీరే పైపులోంచి పేటలోకి వస్తుంది.

లెవెల్ కలిసొచ్చినా ఇబ్బంది ఇంకొకటి ఉంది. డెల్టాలో ఊళ్ళ మంచినీటి చెరువులు, వేసవి కోసం నీరు దాచుకునే పట్టణాల సమ్మర్ స్టోరేజ్ ట్యాంకులు నిండేది ఈ కాలువల నీటితోనే. తాగునీటి తూముకు ఎగువన వాన పైపు నోరు తెరిస్తే, కాలువలు కట్టేసే ముందు ట్యాంకులు నింపుకునే రోజుల్లో పడ్డ ఒక్క వాన రెండు నెలల తాగునీటిని పాడు చేయగలదు. తూముకు దిగువన కలిపితే ఆ ఊరికి ఇబ్బంది లేదు, కింద ఊరికి ఉంటుంది. పైపు దారి మార్పు వల్ల కలిగే పర్యావరణ నష్టాల్లో నా లెక్కలో అన్నిటికంటే బరువైనది ఇదే. డిజైన్ దశలో ఒక గీత మార్చితే తప్పేదీ ఇదే.

చెరువులో కలిపితే: తొలకరికి చేపలు ఎందుకు తేలతాయి

ఇంకో సులువైన దారి ఊరి చెరువు. వాన నీరు చెరువులో చేరితే మంచిదేగా అన్న వాదనలో బలముంది. ముంపు తగ్గుతుంది, చెరువు నిండుతుంది, డ్రెయిన్ మీద భారం తగ్గుతుంది. ఏ వాన, ఏ నెలలో అన్నదే ప్రశ్న.

ఎండాకాలమంతా రోడ్ల మీద పేరుకున్న పేడ, నూనె, చెత్త, పైపులో దిగిన మురుగు, అన్నీ మొదటి వానతో ఒక్కసారి కదులుతాయి. మన 5 ఎకరాల పేటలో మొదటి 10 మిల్లీమీటర్ల వానకు 120 ఘనమీటర్లు వస్తుంది. 10 వేల లీటర్ల ట్యాంకర్లయితే పన్నెండు. ఆ నీటిలోని కుళ్ళు విరగడానికి లీటరుకు 50 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలనుకుంటే మొత్తం 6 కిలోలు. ఎకరం చెరువులో ఒకటిన్నర మీటర్ల నీరు, లీటరుకు 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే చెరువు మొత్తంలో ఉన్నది 30 కిలోలు. తట్టుకుంటుంది. మే నెలాఖరులో అదే చెరువు అర మీటరు లోతుకు ఎండి, ఆక్సిజన్ 4 మిల్లీగ్రాములకు దిగి ఉంటే మొత్తం 8 కిలోలే. ఇది రోజుల మీద జరిగే పని, ఒక్క గంటలో ఆక్సిజనంతా అయిపోదు. కానీ మబ్బు పట్టిన రోజున నాచు కొత్త ఆక్సిజన్ పెద్దగా ఇవ్వదు, రాత్రి అసలే ఇవ్వదు. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచేది అందుకే.

పైపు నోటికీ చెరువుకూ మధ్య ఒక చిన్న పూడిక తొట్టి, చెత్త ఆపే జాలి, మొదటి వానను డ్రెయిన్‌కు మళ్ళించే చెక్క షట్టరు ఉంటే లెక్క చాలా మారుతుంది. షట్టరు ఎవరు దించుతారు, తొట్టి ఎవరు తీస్తారన్నది మాత్రం ఏ డ్రాయింగులోనూ ఉండదు.

సముద్రం దగ్గరి ఊళ్ళలో పోటు సంగతి

నరసాపురం, అంతర్వేది వైపు, కాకినాడ పల్లపు పేటల్లో డ్రెయిన్ మట్టం వానతోపాటు పోటుతో కూడా మారుతుంది. మన తీరంలో రోజుకు రెండు పోట్లు (సముద్రం ఎక్కడం), రెండు పాట్లు (దిగడం). పైపు నోటికి బయటి వైపుకే తెరుచుకునే ఫ్లాప్ షట్టరు పెడితే పోటు నీరు లోపలికి రాదు. అది మూసుకున్నంతసేపూ వాన నీరూ బయటికి పోదు. ఆ వేళలో మన పేట మీద 60 మిల్లీమీటర్ల వాన కురిస్తే 720 ఘనమీటర్లు నిలవాలి. రోడ్ల వైశాల్యం 3 వేల చదరపు మీటర్లనుకుంటే 24 సెంటీమీటర్ల లోతు. పాత పైపు పక్కన ఉన్న ఖాళీ స్థలమో, పల్లపు దొడ్డో ఇన్నాళ్ళూ ఆ నీటిని దాచుకుంటూ ఉండొచ్చు. పైపు మారాక ఆ స్థలాన్ని మెరక చేసి ఇల్లు కడితే పోయేది పైపు సామర్థ్యం కాదు, ఆ నిల్వ. ముంపు పెరిగితే నింద పైపు మీద పడుతుంది.

గుర్రపుడెక్క తీగలు షట్టరు అంచులో ఇరుక్కుంటే అది పూర్తిగా మూసుకోదు. బొటనవేలు పట్టేంత సందులోంచి కూడా ప్రతి పోటుకూ ఉప్పు నీరు లోపలికి ఎక్కుతుంది. దాళ్వా (రబీ) వరికి, నారుమళ్ళకు ఆ కాస్త ఉప్పే చేటు.

కందకం తవ్వితే మట్టిలో జరిగేది

డెల్టా లోపలి నేల బంకమట్టి. నీరు అందులో ఇంకదు, వానాకాలంలో మీటరు లోతులోనే ఊట తగులుతుంది. పైపు చుట్టూ ఇసుక పరిచి పూడ్చినప్పుడు, ఇంకని మట్టి మధ్య వందల మీటర్ల ఇసుక దారి ఒకటి ఏర్పడుతుంది. పైపు లోపల నీరు పారినట్టే పైపు బయట ఇసుకలోనూ ఊట నీరు మెల్లగా పారుతుంది. దారి పొడవునా బావుల మట్టం దిగవచ్చు. ఉప్పుటేరు దగ్గరైతే పోటుకు ఉప్పు నీరు ఆ ఇసుకలోంచే వెనక్కి రావచ్చు. దీనికి మందు పాతదే, చౌకే. కొన్ని మీటర్లకోసారి ఇసుక బదులు బంకమట్టిని దిమ్మిసకొట్టి అడ్డుకట్టలా వేయడం. చాలా అంచనాల్లో ఈ పద్దు ఉండదు.

తీరం వెంబడి ఇసుక దిబ్బల మీది ఊళ్ళలో పరిస్థితి తిరగబడుతుంది. అక్కడ వాన ఇట్టే ఇంకి, కింద ఉప్పు నీటి మీద పలచటి తీపి నీటి పొరగా తేలుతుంది. చేతిపంపుల్లో వచ్చేది ఆ పొరే. పేటలోని వానంతటినీ పైపులో పెట్టి ఉప్పుటేరుకు పంపితే ఆ పొర ఏటేటా పలచబడుతుంది. కాబట్టి ఇంకుడు గుంత దిబ్బ ఊళ్ళలో మంచి ఆలోచన. బంకమట్టి పేటలో వానాకాలం మధ్యలో అది నీళ్ళు నిండిన గొయ్యి మాత్రమే.

తవ్వేటప్పుడు కందకంలోకి దిగే ఊటను ఇంజను పెట్టి తోడాలి. రోజుల తరబడి తోడితే పక్క గోడల కింద బంకమట్టి కుంగి పగుళ్ళు వస్తాయి. తోడిన బురద నీటిని నేరుగా డ్రెయిన్‌లో వదిలితే కొత్త పైపు నోటి ముందే పూడిక. కొబ్బరి చెట్టు వేళ్ళలో ఎక్కువ భాగం మొదలు చుట్టూ 2 మీటర్లలోపే ఉంటాయి. మీటరు దూరంలో కందకం తీస్తే చెట్టు వెంటనే చావదు గానీ కాపు తగ్గుతుంది, తుపానుకు ఆ వైపు పట్టు ఉండదు.

మూసిన పైపా, తెరిచిన కాలువా

దారి మార్చడమంటే చాలాసార్లు తెరిచిన కచ్చా కాలువ పోయి మూసిన పైపు రావడం కూడా. పైపు కోరేవాళ్ళ కారణాలు గట్టివే. పిల్లలు పడరు, వాసన రాదు, చెత్త వేయడానికి వీలుండదు, రోడ్డు వెడల్పవుతుంది. కాలువ కోరేవాళ్ళ కారణాలూ తేలిగ్గా తీసేసేవి కావు. గడ్డి ఉన్న కాలువ మట్టిని, నూనెను కొంత పట్టి ఉంచుతుంది, పూడిక కంటికి కనిపిస్తుంది, పారతో తీయవచ్చు. పొంగినప్పుడు అంచు మీదుగా పొర్లి కాస్త నిల్వ ఇస్తుంది. పైపులో పూడిక వీధి మునిగేవరకు తెలియదు. తీయడానికి నీటిని ఒత్తిడితో కొట్టే జెట్టింగ్ యంత్రం రావాలి, అదీ ప్రతి మలుపులోనూ చాంబరు ఉంటేనే. బంకమట్టి నేలలో "కాలువైతే నీరు ఇంకుతుంది" అన్న వాదనకు మాత్రం బలం లేదు.

అనుమతుల మాట

పేట స్థాయి పైపు మార్పు 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ జాబితాలో లేదు. ప్రజాభిప్రాయ సేకరణ చట్టప్రకారం తప్పనిసరి కాదు. అలాగని ఏ నిబంధనా వర్తించదని కాదు. 1974 నీటి కాలుష్య నివారణ చట్టం 24వ సెక్షన్ కలుషిత పదార్థాలను తెలిసి వాగుల్లోకి, కాలువల్లోకి వదలడాన్ని నిషేధిస్తుంది. పోటు ఎక్కే ఏరులకు తీర ప్రాంత నియంత్రణ నిబంధనలూ ఉన్నాయి. ఏడాదిలో అతి పొడి కాలంలో ఉప్పు వెయ్యికి 5 వంతులుండే చోటు వరకు అవి వర్తిస్తాయి. మున్సిపాలిటీ పైపు జలవనరుల శాఖ డ్రెయిన్‌లో కలుస్తుంది కాబట్టి ఆ గట్టు కోయడానికి ఆ శాఖ అంగీకారం వేరే కావాలి. కోసినచోట హెడ్‌వాల్ (పైపు నోటి చుట్టూ కట్టే గోడ), రాతి రివిట్‌మెంట్ (గట్టుకు రాతి పరుపు) లేకపోతే వేసవిలో బీటలిచ్చిన నల్లమట్టి గట్టు మొదటి వరదకే జారుతుంది. గండి పడితే మునిగేది ఊరు కాదు, అవతలి సార్వా (ఖరీఫ్) చేను.

పాత పైపును ఏం చేశారు

కొత్త పైపు ప్రారంభమయ్యాక పాతదాన్ని అందరూ మరిచిపోతారు. దానికి కలిసి ఉన్న ఇళ్ళ గొట్టాలు మాత్రం మరిచిపోవు. ఎగువ నోరు ఒక్కటి మూసి వదిలేస్తే, మధ్యలోని ఇళ్ళ మురుగు పాత పైపులో చేరి నిలుస్తుంది, అతుకుల్లోంచి మట్టిలోకి, పక్క బావుల్లోకి దిగుతుంది. డ్రెయిన్ వైపు నోరు తెరిచే ఉంటే వరద నీరు ఆ దారినే వెనక్కి ఎక్కుతుంది. బోలుగా మిగిలిన పైపు ఏళ్ళ తర్వాత కూలితే పైన ఉన్న ప్రహరీయో, అరుగో కుంగుతుంది. పని సరిగ్గా చేసినచోట ముందు రంగు నీళ్ళు పోసి ఏ ఇంటి గొట్టం ఎక్కడ తేలుతోందో చూస్తారు, వాటిని కొత్త పైపుకు మారుస్తారు, ఆ తర్వాత పాత పైపులో ఇసుక, సిమెంటు జావ నింపి రెండు చివరలా కాంక్రీటు బిరడా వేస్తారు. 600 మిల్లీమీటర్ల పైపు 200 మీటర్ల పొడవున నింపడానికి సుమారు 57 ఘనమీటర్ల జావ కావాలి. అంచనా పత్రంలో ఆ 57 ఘనమీటర్ల పద్దు ఉందా లేదా అన్నది పని మొదలవకముందే కాగితం మీద చూసుకోగలిగిన సంగతి.